ఎర్ర పోగు, పసుపు పోగు

పోయిన వారం మిమ్మల్నందరినీ యాదగిరి సేటు కార్ఖానాలో, డిజైన్ గది గుమ్మం ముందర నిలబెట్టి వెళ్ళిపోయాను. కాళ్ళు పీకి ఉంటాయి పాపం. లోపలికి పోదాం గానీ, మధ్యలో వచ్చి కలిసినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి కదా, కాస్త ఓపిక పట్టండి.

పాండురంగ్ నా ఒక్కగానొక్క కొడుకు. దాజీ పేట్‌లోని ఆ కార్ఖానాలో తువ్వాళ్ళకూ చాదర్లకూ బొమ్మలు గీసే పని వాడిది. మొదట్లో గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు కంప్యూటర్ మీద. వాడు ఇక్కడ గీసిందే అవతల మగ్గాల మీద బట్టయి దిగేది. ఎనిమిది నెలల కింద, అదే కుర్చీలో కూర్చుని ఉండగానే, పక్షవాతం వచ్చి పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యి పోయింది. కుడి కాలు ఈడుస్తాడు. కుడివైపు చూపు మందగించింది, మాట ముద్దగా వస్తుంది. బుర్రలోని బొమ్మలు మాత్రం ఒక్కటీ పోలేదు. ఆ కుర్చీ మళ్ళీ దక్కకపోతే వాడు బతికి ఉండి కూడా లేనట్టేనని తల్లినైన నాకు తెలుసు. అందుకే నేనే పోయి యాదగిరి సేటును అడిగాను. ఆయన చాలాసేపు గోడకేసి చూసి, "సోమవారం పదకొండింటికి తోల్కరా అక్కా. ఒంటిగంట లోపట ఒక్క తువ్వాల అంచు గీసి చూపెడితే కుర్చీ వానిదే. లేకుంటే మళ్ళ నన్ను అడగొద్దు" అన్నాడు.

మేముండేది బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో. కోడలు రేణుక బీడీలు చుడుతుంది. మనవరాలు అంకితకు ఇరవై రెండేళ్ళు. అశోక్ చౌక్‌లో ఏదో ఆఫీసులో టైపు పని దొరికిందని నెలన్నరగా పోయి వస్తోంది. ఆ పిల్లే స్నేహితురాలి ఇంట్లో అటక మీద పడి ఉన్న పాత విండోస్ కంప్యూటర్ ఒకటి తెచ్చి, వాళ్ళ నాన్న వాడే బొమ్మల సాఫ్ట్‌వేర్ అందులో వేయించింది. కానీ ఎడమ చేత్తో మౌస్ పట్టుకుంటే బటన్లు నొక్కడానికి వాడికి ఇంకో చెయ్యి ఏది? ఆ చెయ్యి నేనయ్యాను. నవ్వకండి. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు, బటన్ల జాగాలు వచ్చు. మూలనున్న కంట్రోల్ మీద అంకిత ఎర్ర పోగు ముక్క అంటించింది. పొడుగు బటన్ పక్కనున్న ఆల్ట్ మీద పసుపు పోగు. ఎర్రది పట్టుకుని కింది వరస అక్షరాల్లో మొదటిది నొక్కితే చేసిన తప్పు వెనక్కి పోతుంది. మూడోది కాపీ, నాలుగోది అంటించడం. దాని పై వరసలో రెండోది నొక్కితే పని దాచుకుంటుంది. "పసుపు దాన్ని మాత్రం ముట్టకవ్వా, ముడితే బాణం ఎగిరి మీదికి పోయి కూసుంటది" అనేది పిల్ల.

మగ్గం ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. దువ్వెనలాంటి మగ్గం అచ్చులోకి పోగులు ఎక్కించేటప్పుడు ఒకరు వెనక కూర్చుని పోగు అందిస్తారు, ఒకరు ముందు నుంచి కొక్కెంతో లాగుతారు. మా ఆయన పెంటప్పకు ఇరవై ఏళ్ళు నేనే పోగు అందించాను. ఇప్పుడు కొడుకుకు బటన్ అందిస్తున్నాను, అంతే. ఆరు నెలల్లో ఇద్దరం ఒక్క మనిషిమయ్యాం. వాడు "ఎర్..." అనేలోపే నా వేలు ఎర్ర పోగు మీద ఉండేది.

అట్లా సిద్ధమై, సోమవారం పొద్దున రిక్షా దిగి, ఆ గుమ్మం దగ్గరికి వచ్చి తలుపు తోశాం. అక్కడే కదా మిమ్మల్ని ఆపింది.

బల్ల అదే. కుర్చీ అదే, చేతి దగ్గర రెగ్జిన్ చిరిగింది కూడా అట్లాగే ఉంది. బల్ల మీది నల్ల కంప్యూటర్ మాత్రం లేదు. తెల్లగా, పలచగా, రొట్టెల పీట నిలబెట్టినట్టు ఏదో ఉంది. వెనక వైపు కొరికిన ఆపిల్ పండు గుర్తు.

పాండురంగ్ నా భుజం మీద వేసిన చెయ్యి బిగించాడు. "నా... డబ్బా?" అన్నాడు.

వెనకాలే యాదగిరి సేటు వచ్చాడు. "యమునక్కా, రా రా. అరే పాండూ, నడుస్తున్నవ్ గదరా! ఛాన్, ఛాన్, మంచిగైంది. ఏ డబ్బా? ఆ పాతదా? అది పాతసామాను కొనే భంగారోళ్ళు ఎత్తుకపోయి నెల దాటింది. గిప్పుడు ఆపిల్‌ది తెచ్చిన."

"మరి మాకెవరు చెప్పలే?" అన్నాను.

ఆయన నా వంకా పాండు వంకా చూశాడు. ఏదో అనబోయాడు. "మీ ఇంట్ల... చెప్పలేదా మీకు?"

"ఎవరు చెప్పాలె?"

ఆయన జేబు తడుముకున్నాడు. ఫోను మోగింది, లేక మోగినట్టు చేసుకున్నాడో. "అసూ దే, ఉండనీ, కూసోండి. గీసేది బొమ్మనే గద. ఒంటిగంటకు వస్త" అంటూ బయటికి నడిచాడు.

కూర్చున్నాం. పాండురంగ్ మౌస్‌ను ఎడమ పక్కకు పెట్టించుకున్నాడు. కాసేపు ఊరికే తెర మీద బాణాన్ని తిప్పుతూ చూశాడు. కొత్త ఊళ్ళో చిరునామా వెతుక్కునే మనిషిలా ఉన్నాడు. పాతదాంట్లో మూసే గుర్తు కుడి చేతి మూలన ఉండేది, దీంట్లో ఎడమ మూలన ఎర్ర చుక్కయి కూర్చుంది. పాతదాంట్లో ఏ బొమ్మ కాగితానికి ఆ కాగితం నెత్తి మీదే మెనూ పట్టీ ఉండేది, దీంట్లో అన్నిటికీ కలిపి ఒకటే పట్టీ తెర పైన. చక్రం ముందుకు తిప్పితే కాగితం అటు పోవాల్సింది ఇటు వస్తోంది. వాడికి అసలే కుడివైపు సగం కనబడదు. నుదురు మీద చెమట పట్టింది.

అయినా వెతికాడు. వాడి పాత బొమ్మలన్నీ అందులో ఒక చోట వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాని దగ్గర బాణం ఆగింది. "కంకి" అన్నాడు. పడిపోయిన రోజు గీస్తున్న జొన్న కంకి అది, సగం గీసి వదిలేసింది. "ఎం...టర్" అన్నాడు నాతో. ఎడమ చేత్తో టకటకా రెండుసార్లు నొక్కడం వాడికి చేతకాదు. ఇంట్లో ఫైలు తెరవాలంటే నేను ఎంటర్ నొక్కేదాన్ని.

నొక్కాను. తెరుచుకోలేదు. పేరు మీద నీలం రంగు పట్టీ వచ్చింది.

"మళ్ళ."

కంగారులో నా వేలు పక్క బటన్ మీద పడింది. ఫైలు పేరంతా చెరిగిపోయి, కొక్కెం లాంటి గుర్తు ఒక్కటే మిగిలింది. మళ్ళీ ఎంటర్ నొక్కితే ఆ కొక్కెమే పేరై కూర్చుంది.

"ఎర్ర... వెనక్కి!"

ఇక్కడ పోగులెక్కడివి? కానీ జాగా తెలుసు కదా. మూలనున్న బటన్ పాతదాంట్లో ఉన్న చోటే ఉంది. గట్టిగా పట్టుకుని వెనక్కి తెచ్చే బటన్ నొక్కాను. టుంగ్ మంది. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాను. టుంగ్. మూడోసారి నొక్కితే అదే మోత. మనిషిని గుర్తుపట్టనట్టు ముఖం తిప్పుకుంటోంది ఆ యంత్రం.

అప్పుడే బాబిన్లు చుట్టే సారిక గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. "ఏందవ్వా, ఇంటికాడ జొన్న భాకరీలు కాల్చుడు ఇడిసిపెట్టి ఈడ కంప్యూటర్ కొడుతున్నవా?"

"భాకరి కాల్చినా గుండ్రంగనే వస్తది, ఇది కొట్టినా గుండ్రంగనే వస్తది. నీ పని చూసుకో పోవే" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆ పిల్ల నవ్వలేదు. నన్నూ ఆ కుర్చీనీ మార్చి మార్చి చూసి, తల దించుకుని పోయింది.

పాండురంగ్ మౌస్ వదిలేశాడు. ఆ చెయ్యి తొడ మీద పెట్టుకున్నాడు. "పోదం... అమ్మా" అన్నాడు.

ఆ మాట నేను ఆసుపత్రిలో కూడా వినలేదు వాడి నోట. వాడి ముఖం చూడలేక అటు పక్క గోడకేసి తిరిగాను. వాడికి కనిపించని కుడివైపు గోడ అది. అక్కడ ఒక కాగితం అంటించి ఉంది. నడిమికి ఒక గీత. ఎడమ వరస పైన కిటికీ బొమ్మ, కుడి వరస పైన కొరికిన ఆపిల్ బొమ్మ. కింద వరసగా బటన్ల పేర్లు. అక్షరాలు నాకు తెలియవు. ప్రతి అక్షరం ముందూ స్కెచ్ పెన్నుతో పెట్టిన చుక్క మాత్రం తెలిసింది. కిటికీ వైపు అన్నీ ఎర్ర చుక్కలు. ఆపిల్ వైపు అన్నీ పసుపు చుక్కలు.

ఎర్రది అంటే మూల. పసుపు అంటే పొడుగు బటన్ పక్కది. అక్కడ ఎర్రది చేసే పనంతా ఇక్కడ పసుపుది చేస్తుంది. ముట్టొద్దని ఆరు నెలలు నా వేలును నేను కట్టేసుకున్న జాగాయే ఇక్కడ ముట్టాల్సిన జాగా.

పసుపు జాగా పట్టుకుని వెనక్కి తెచ్చేది నొక్కాను. కొక్కెం పోయి ఫైలు పేరు తిరిగి వచ్చింది.

పాండురంగ్ తెరను చూశాడు, నన్ను చూశాడు. "ఎట్ల... తెలిసింది?"

ఎర్రది, పసుపుది అని ఈ లోకంలో బటన్లకు పేర్లు పెట్టుకున్నవాళ్ళం ముగ్గురమే. నేను, నా కొడుకు, ఆ పోగులు అంటించిన పిల్ల. మేమిద్దరం ఎనిమిది నెలల తర్వాత ఈ గదిలోకి ఇవాళే అడుగు పెట్టాం.

"ఊకెనే నొక్కిన. తగిలింది" అన్నాను.

అయినా పని ఆపలేదు. కాగితంలో ఫైలు తెరిచే వరస కూడా దొరికింది, కిటికీ వైపు ఎంటర్ మీది వంకర బాణం, ఆపిల్ వైపు పసుపు చుక్క పక్కన కిందికి చూసే బాణం. నొక్కాను, కంకి తెరుచుకుంది. ఎనిమిది నెలల కింద ఆగిపోయిన సగం కంకి, గింజ గింజకూ మెరుపు పెట్టి ఉంది. ఇక నా కొడుకును చూడాలి మీరు! కొత్త కాగితం తెరిపించాడు. "కాపీ" అంటే పసుపు, మూడోది. "అంటించు" అంటే పసుపు, నాలుగోది. సగం కంకిని తిప్పి రెండో సగం చేశాడు. ఒక కంకి పక్కన ఇంకో కంకి, మధ్యలో సన్నటి ఆకు. పని దాచమని నేనే గుర్తు చేశాను. పసుపు, దాచేది నొక్కితే పేరు అడిగింది. "అయినంక... పెడదం" అని దాన్ని పక్కకు తోయించాడు. నేను తప్పు బటన్ నొక్కితే నాలుక చప్పరించి, "నాయన... కొట్టేటోడు నిన్ను" అన్నాడు. అని నవ్వాడు. మూతి ఒక పక్కకే పోయింది, అయినా నవ్వే. ఎనిమిది నెలల తర్వాత విన్నాను ఆ నవ్వు.

వాడు నవ్వుతుంటే నేను గోడ మీది కాగితానికీ వాడికీ మధ్య నా భుజం అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. వాడికి అటువైపు ఎట్లాగూ కనబడదు. తెలుసు. అయినా అడ్డం పెట్టాను.

పన్నెండున్నరకు భోజనాల కోసం మగ్గాలు ఆగాయి. ఆ మోత ఆగితే చెవులు గుయ్యిమంటాయి. మెట్ల మీద అడుగులు వినిపించాయి. తలుపు తెరుచుకుంది. అంకిత. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో ఈ గది తాళంచెవి.

మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలిచిపోయింది. పాండురంగ్ ముఖం వెలిగిపోయింది. తనను చూడటానికి ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చిందనుకున్నాడు పిచ్చి తండ్రి.

"అంకూ! రా. చూడు... కంకి. అవ్వ, నేను. కొత్తదాని మీద!"

పిల్ల రెండడుగులు వేసింది. తెర మీది కంకుల వరస చూసింది. "మస్తుంది పప్పా" అంది. అని నా వైపు చూసింది. నేను గోడ మీది కాగితం వైపు చూశాను. మళ్ళీ పిల్ల వైపు చూశాను. ఆ పిల్ల కళ్ళు వాలిపోయాయి. ఇక నాకు ఏ అనుమానమూ మిగల్లేదు.

ఇంకొక్క అరగంట ఎవరూ రాకుండా ఉంటే ఎంత బాగుండేది! యాదగిరి సేటు పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. "ఆఁ, వచ్చినవా అంకితా? నిన్ను ఒంటిగంట దాటినంకనే రమ్మన్న గద. మీ పప్పాది అయ్యేదాక జరా బయట కూసో. మళ్ళ నీ కుర్చీ నీకే ఇప్పిస్త."

నీ కుర్చీ అన్నాడు.

పాండురంగ్ మెల్లగా తలను పూర్తిగా కుడివైపుకు తిప్పాడు, కూతుర్ని సరిగా చూడటానికి. "ఎవరి... కుర్చీ?"

యాదగిరి సేటు పంటి పుల్ల చేతిలోకి తీసుకున్నాడు. "అరె దేవా. మీ ఇంట్ల మీకు మీకే మాటల్లేవా? నెలన్నర సంది ఈ పిల్లనే కూసుంటుంది గద ఈడ. పాతది పాడైంది, కొత్తది ఏది కొనాలె అని నేనడిగితే, రెండిటికి ఫరక్ అంత కాయితం మీద రాసిచ్చింది కూడ ఈ పిల్లనే. నాకేం మాలూమ్, మీకు చెప్పలేదని!"

"అశోక్ చౌక్ ఆఫీసు?" అన్నాను నేను.

"లేదవ్వా" అంది అంకిత. "ఏ ఆఫీసు లేదు."

"నువ్వా..." పాండురంగ్ తెర వైపు వేలు చూపించాడు. "నువ్వు చెప్పినవా... దీన్ని తెమ్మని?"

"హో పప్పా."

"ఎందుకు?"

ఆ పిల్ల అబద్ధం చెప్పి ఉంటే నాకు బాగుండేది. చెప్పలేదు. "డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పిండు, మీ పప్పా మళ్ళ ఆ పనికి కూసోడు అని. వేరేటోళ్ళు వచ్చి ఈ కుర్చీల కూసునేదానికంటె నేను కూసుంట అనుకున్న. సేటు అడిగితే... నేనే వాడేది గద అని, నాకు ఏది మంచిగనిపించిందో అదే చెప్పిన. పోగు రంగు ఎట్లుంటదో దీంట్ల అట్లనే కనపడతది పప్పా. నీ గురించి సోచాయించలే. ఆ నిమిషం నువ్వు యాదికి రాలే నాకు."

"మరి రోజూ సాయంత్రం ఇంట్ల కూసోబెట్టి పాతదాని మీద నేర్పినవ్ గదనే మాకు!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈడ అది లేదని ఎరికుండి? మూల బటన్ నొక్కవ్వా, మూల బటన్ నొక్కవ్వా అని పాఠం చెప్పినవ్. నోట్ల నాలుక లేదా నీకు?"

"ఎట్ల చెప్పాలెనే అవ్వా? పప్పా చెయ్యి ఆడుతుండె. రెండు పూటల అన్నం తింటుండె. అది చెప్తే అన్నం గూడ ఇడిసిపెడతడని భయమైంది. పరీక్ష ఉన్నదని తెలిసినంక సేటును అడిగిన, పాతదాన్ని ఎట్లనన్న తెప్పియ్యమని. భంగారోడు ఇప్పేసి అమ్ముకున్నడట. అందుకే శనివారం రంగు చుక్కలు పెట్టి ఈ కాయితం వేరే రాసి గోడకు పెట్టిన. నువ్వు చూస్తవని. రంగులైతే నీకు తెలుస్తయని." ఏడుపు ఆపుకోవడానికి తాళంచెవి అరచేతిలో గట్టిగా నొక్కుకుంటోంది. "నోటితోని చెప్పుడు అయితలేకుండె."

నాకు జాలి పుట్టాల్సింది. కోపమే వచ్చింది, ముసలి కోపం. "మన ఇళ్ళల్ల మగ్గం మీదున్న మనిషి తనంతల తాను లేచి, చెయ్యి పట్టుకొని కూసోబెడితేనే ఇంకొకరు కూసుంటరు. మీ తాత పెంటప్పను మా మామ అట్లనే కూసోబెట్టిండు. బతికున్న తండ్రి జాగాల, ఆయనకు తెల్వకుండ కూసున్నవ్. ఎవరు నేర్పిండ్రే నీకు?"

"ఎవరు నేర్పలే" అంది. "కూసున్నంక నాకు నచ్చింది అవ్వా. అదే తప్పు. ఇయ్యాల పప్పా గెలవాలె అని దేవునికి మొక్కిన, గెలిస్తే నేనెటు పోవాలె అని కూడ అనుకున్న. రెండూ నేనే అనుకున్న."

పాండురంగ్ తల తెర వైపు తిప్పుకున్నాడు. మూతి పక్క నుంచి కారిన లాలాజలం తుడుచుకోవాలని కూడా తోచలేదు వాడికి. నేనే కొంగుతో తుడిచాను.

యాదగిరి సేటు వంగి తెర మీది కంకులు చూశాడు. ఎంతైనా ఆయన కూడా ఒకప్పుడు మగ్గం మీద కూర్చున్న మనిషే. చాలాసేపు చూశాడు. "చేతిల ఇంకా దమ్ముందిరా పాండూ" అన్నాడు మెల్లగా. తర్వాత నిటారుగా నిలబడ్డాడు. "చూడండి, నేను చెడ్డోన్ని కాదు. ఇద్దర్ని పెట్టుకునేటంత పని నా దగ్గర లేదు. పాండుకు మాటిచ్చిన. ఒంటిగంటకు ఈ అంచు నా చేతిల పెడితే కుర్చీ పాండుదే, పిల్ల వేరే జాగ చూసుకోవాలె. అంచు లేకుంటే పిల్లనే ఉంటది. గంతే. పది నిమిషాలున్నయ్. కిందికి పోయి వస్త."

ఆయన చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

అంకిత వెంటనే బల్ల దగ్గరికి వచ్చింది. "అంచు అయిపోయింది గద పప్పా. పేరు పెట్టి సేవ్ చేస్తే సరి. నేను పోత. నాకు ఎక్కడన్న దొరుకుతది." తాళంచెవి బల్ల మీద పెట్టింది.

పాండురంగ్ తాళంచెవిని చూశాడు. అంచును చూశాడు, పొడుగునా, ఆ కొస నుంచి ఈ కొస దాకా. అన్ని కంకులూ నిలబడి ఉన్నాయి, కోతకు వచ్చిన చేనులా. తర్వాత కూతురి ముఖం చూశాడు. అంత సేపు వాడు దాన్ని చూడటం పక్షవాతం వచ్చాక ఇదే మొదలు.

"ఎంత... మంచిగ కనపడతయ్?" అన్నాడు. "రంగులు."

ఆ పిల్లకు మొదట అర్థం కాలేదు. "మస్తు కనపడతయ్ పప్పా. అసలు పోగు తెచ్చి పక్కన పెడితే ఏది బొమ్మనో ఏది పోగో తెల్వది."

"నాకు... సగమే కనపడతది" అన్నాడు.

అని, మౌస్‌ను ఎడమ మూలనున్న ఎర్ర చుక్క మీదికి తీసుకుపోయి ఒక్కసారి నొక్కాడు. తెర నడిమిలో చిన్న పెట్టె ఒకటి లేచింది. లోపల రెండు మూడు మాటలు.

"పప్పా!" అంకిత అరిచింది. "సేవ్ చెయ్యాల్నా వద్దా అని అడుగుతుంది. వద్దు అనకు. పేరు పెట్టలే గద, మళ్ళ దొరకది!" అంటూ మౌస్ కోసం చెయ్యి చాచింది.

ఆ చెయ్యి మౌస్‌ను అందుకునేలోపే పాండురంగ్ మౌస్ వదిలి, ఉన్న ఆ ఒక్క చేత్తో కూతురి మణికట్టు పట్టుకున్నాడు. బల్లకు నడుం ఆనించి, ఈడ్చే కాలు మీద ఊగుతూ లేచి నిలబడ్డాడు. పిల్లను గుంజి కుర్చీలో కూలేశాడు. అది లేవబోతే మణికట్టును బల్లకేసి అదిమి పట్టాడు. ఆ పట్టు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

మెట్ల మీద చెప్పుల చప్పుడు మళ్ళీ మొదలైంది.

"అమ్మా" అన్నాడు వాడు, గోడ మీది కాగితం చదవడానికి మెడ పూర్తిగా తిప్పి. "పసుపుది... పట్టుకో. దాచేదాని... పక్కది నొక్కు."

దాచే బటన్ జాగా నాకు తెలుసు. దాని పక్కది నొక్కితే గీసిందంతా దాచకుండానే పోతుందని వాడి ముఖం చూస్తే తెలిసింది.

"అవ్వా, నొక్కకు. నీ కాళ్ళు మొక్కుత, నొక్కకు."

"అమ్మా. సేటు... వస్తుండు."

నా బొటనవేలు పొడుగు బటన్ పక్కన దిగింది. దిగిన వేలు అక్కడే నొక్కి ఉంచాను. రెండో వేలు చాచాను. తలుపు గడియ కదిలింది.